మందిరపు పియానోలో విరిగిన మరలు

(శతాబ్ది ఉత్సవముల సందర్భమున గాయక బృందముల నాయకులకును, మందిర పరిచారకులకును జరిగిన కూడికలో చేసిన ప్రసంగ పాఠము)



నాకిచ్చిన అంశము "ఆరాధనలో సంగీతము". ఆ అంశము మీద మీరు ఎన్నో ప్రసంగములు విన్నారు, నేనును కొన్ని చేసినాను. కమిటీవారి సెలవు పుచ్చుకొని నేడు అందులో ఒక మూలను మాత్రమే తీసికొనుచున్నాను. పియానోలో ఒక స్క్రూ గాని, బోల్టు గాని విరిగి ముక్క లోపల ఉండిపోయినప్పుడు దానిని ఎట్లు తీయవలెను? నవ్వుచున్నారు. నవ్వండి. అయిదేండ్ల క్రిందట నన్ను ఎవరైన ఈ ప్రశ్న అడిగి ఉంటే నేనును నవ్వి ఉందును.

మిషనరీల కాలములో కట్టిన మందిరములు కొన్నింటిలో నేటికిని పాత పియానోలు, కాలితో త్రొక్కు ఆర్గనులు ఉన్నవి. హార్మోనియము లేని సంఘము దాదాపుగా లేదు. నేను పనిచేసిన చోట్ల స్టోరు గదులలో, మెట్ల క్రింద, పాత బెంచీల చాటున పడియున్న వాద్యములను తెరచి చూచినాను. చెదలు తిన్నవి ఉన్నవి, ఎలుకలు కొరికినవి ఉన్నవి. కాని మరికొన్నింటిని పాడుచేసినది చెదలు గాదు, ఎలుకలు గాదు. ఎవరో ఒకరు మంచి మనస్సుతోనే బాగుచేయబోయి, ఒక మర విరుగగొట్టి, దానిని తీయబోయి చుట్టూ పగులగొట్టి, మూతవేసి వెళ్లిపోయినారు. అట్టివారిలో నేనొకడను. ఆ సంగతి దాచకుండ చెప్పుటకే ఈ అంశము ఎన్నుకొన్నాను.

రాజుల రెండవ గ్రంథము ఆరవ అధ్యాయములో ప్రవక్తల శిష్యులు యొర్దాను ఒడ్డున మ్రానులు నరుకు వృత్తాంతము మీకు తెలిసినదే. వారు ఒక విధముగా నాటి వేదాంత కళాశాల విద్యార్థులు. ఒకని గొడ్డలి ఊడి నీటిలో పడినది. అది ఎరవు తెచ్చినది. ఎలీషా మొదట అతనిని మందలించలేదు, గొడ్డలి ఎవరిదని అడుగలేదు. ఎక్కడ పడినదని అడిగినాడు. వాడు ఆ స్థలము చూపిన తరువాతనే ప్రవక్త కొమ్మ నరికినాడు. నేను సెమినరీలో ఉన్నప్పుడు ఈ భాగము మీద పరీక్ష కూడ వ్రాసినాను గాని, ఆ ప్రశ్న విలువ నాకు ఒక లేతు మేస్త్రిగారి వలన తెలిసినది. అది తరువాత చెప్పెదను.

ముందుగా పియానోను గూర్చి రెండు మాటలు. సుమారు 1700 లో ఫ్లోరెన్సు పట్టణమున బార్తొలోమియో క్రిస్తోఫోరి అను పనివాడు దీనిని మొదట చేసినాడు. మెట్టు నొక్కగానే సుత్తి లేచి తీగెను కొట్టి వెంటనే వెనుకకు రావలెను. దానికొరకు ఉండు కొయ్య యంత్రాంగమును యాక్షను అందురు. నేటి పియానోకు 88 మెట్లు, 220 కి పైచిలుకు తీగెలు. ఆ తీగెలన్నియు కలిసి లాగు బిగువు సుమారు 18 టన్నులు. తొలినాటి కొయ్య చట్రములు అంత బరువును ఓర్చలేవు. 1825 లో అమెరికాలోని బోస్టనులో ఆల్ఫియస్ బాబ్‌కాక్ ఒకే పోతగా పోసిన ఇనుప చట్రమునకు పేటెంటు పొందినాడు. ఆ చట్రమే నేటికిని పియానోకు వెన్నెముక. పోత ఇనుము భారమును మోయును గాని దెబ్బకు ఓర్వదు. వంగదు, పగులును. చట్రము పగిలిన పియానోకు మామూలుగా మరి వైద్యము లేదు. ఈ ఒక్క మాట జ్ఞాపకముంచుకొనండి; తక్కినదంతయు దీనిమీదనే ఆధారపడియున్నది.

ఇక నా కథ. మా మందిరము సముద్రమునకు దగ్గర. అక్కడి నిలువు పియానో ఇంగ్లాండు దేశపు తయారీ, ఓడలో వచ్చినది. ముప్పది ఏండ్లకు పైగా ఒక టీచరమ్మగారు దానిని వాయించుచున్నారు. ఒక వర్షాకాలము మధ్య స్థాయిలో రెండు మెట్లు తేమకు ఉబ్బి దిగినవి దిగినట్లే ఉండిపోయినవి. అట్టి మెట్టును సరిచేయుట పెద్ద పని కాదు. యాక్షను పైకి తీసి, మెట్టు ఎత్తి, అది కదలాడు చోట ఉన్న నమదా గుడ్డను కొంచెము నొక్కి వదులు చేసిన చాలును. మా యాక్షనును పైభాగమున మూడు బోల్టులు పట్టియుండును. అవి ఇనుప చట్రములోనికి దిగియుండును, వాటి తలల మీద గుండ్రని ఇత్తడి నట్టులు ఉండును. రెండు నట్టులు చేతితోనే వచ్చినవి. మూడవది రాలేదు.

శనివారము సాయంకాలము. మరునాడు సంస్కారపు ఆరాధన. పటకారు తెచ్చి పట్టి గట్టిగా తిప్పినాను. టక్కుమన్నది. నట్టుతో కూడ బోల్టు నా చేతికి వచ్చినది. సగము బోల్టు చట్రములోనే, అంచుకు సమముగా విరిగి ఉండిపోయినది.

ఆ రాత్రి నేను ఆగియుంటే నష్టము అంతటితో పోయెడిది. ఆగలేదు. మోటారు సామానుల దుకాణములో "ఈజీ ఔట్" అను సాధనము దొరకును. విరిగిన ముక్క నడుమ రంధ్రము చేసి, ఎడమ చుట్లు గల ఈ ఉక్కు మేకును అందులో దించి ఎడమకు తిప్పినయెడల అది బిగుసుకొని ముక్కను బయటికి తెచ్చును. పేరులో ఈజీ ఉన్నది గాని పనిలో లేదు. అది మిక్కిలి గట్టి ఉక్కు. గట్టిది గనుక పెళుసు. పైగా ఆప్పుగా దిగు కొలదిని విరిగిన ముక్కను లోపలినుండి వెడల్పు చేసి గోడలకు ఇంకను బిగించును. తుప్పుతో పట్టుకొన్న ముక్క కదలలేదు, ఈజీ ఔట్ విరిగినది. ఇప్పుడు రంధ్రములో విరిగిన బోల్టు, దానిలో విరిగిన ఉక్కు. మామూలు డ్రిల్లు ఆ ఉక్కు మీద జారునే గాని గీయలేదు. డ్రిల్లు జారి ప్రక్క తీగెను ఒకసారి తాకినది కూడ. దేవుని దయవలన తెగలేదు.

యాక్షనును రెండు బోల్టుల మీద నిలిపి, మూడవ ప్రక్క తీగెతో కట్టి మూతవేసినాను. ఎవరికిని చెప్పలేదు. టీచరమ్మగారు మరునాడు వాయించినారు. గట్టిగా నొక్కినప్పుడెల్ల యాక్షను ఆ ప్రక్క కదలి సుత్తులు తీగెలను సరిగా కొట్టలేదు. ఆమె నన్ను ఏమియు అడుగలేదు గాని, మెల్లగా వాయించుట అలవాటు చేసికొన్నారు. మూడు నెలలు అట్లే గడచినవి. తరువాత పాస్టరేటు కమిటీలో ఒక తీర్మానము వచ్చినది: పియానో వృద్ధాప్యమునకు వచ్చినది, మరమ్మతుకు లొంగదు, ఇనుము బరువుకు అమ్మివేసి ఎలక్ట్రానిక్ కీబోర్డు కొందము. ప్రతిపాదించినవారు తప్పుచేయలేదు. వారికి కనబడినది అదే. టీచరమ్మగారు వెనుక బెంచీలో కూర్చుండి తల వంచుకొని ఉన్నారు. తీర్మానమునకు అధ్యక్షుడను నేను. అందరును చేతులెత్తబోవు సమయములో నేను లేచి, ఇది పియానో వృద్ధాప్యము కాదు, నా పటకారు అని చెప్పవలసి వచ్చినది. ఆ మాట చెప్పుటకు నాకు మూడు నెలలు పట్టినందుకే ఎక్కువ సిగ్గుపడినాను.

ఆ కూటము అయిన తరువాత మా సంఘస్థుడైన లేతు మేస్త్రిగారు నా యొద్దకు వచ్చినారు. ఆయన జీవితములో పియానో లోపల చూచి ఎరుగరు. "రేపు సాయంత్రం ఒకసారి చూస్తాను అయ్యగారూ, ఏమీ ముట్టుకోకండి" అన్నారు. మరునాడు టార్చిలైటుతోను, అద్దముతోను వచ్చి అరగంటసేపు చూచినారే గాని ఒక్క పనిముట్టు తీయలేదు. అప్పుడు మూడు ప్రశ్నలు వేసినారు. సరిగ్గా ఎక్కడ విరిగింది? ఎటు తిప్పుతుండగా విరిగింది? ఈ రంధ్రం వెనక ఏముంది? మూడవ ప్రశ్నకు నాకు జవాబు తెలియదు. చట్రము వెనుక గట్టి కొయ్య దిమ్మె ఉండును. తీగెలను బిగించు శ్రుతి మేకులు ఆ దిమ్మెలోనే దిగియుండును. ఆ కొయ్య పట్టు వలననే శ్రుతి నిలుచును.

అందుకే ఆయన నా చేతిలోని నూనె డబ్బాను మొదట అవతల పెట్టించినారు. తుప్పు పట్టిన మర కనబడగానే నూనెయో, కిరసనాయిలో పోయుట మనకు అలవాటు. సైకిలుకు మంచిదే. పియానోలో ఆ నూనె కొయ్యలోనికి ప్రాకి శ్రుతి మేకుల పట్టు వదలించును. ఒకసారి నూనె త్రాగిన దిమ్మెకు మరల పట్టు రాదు. నూనె తగిలిన కొయ్యకు తరువాత జిగురు కూడ అంటదు. నేను ఆ శనివారము నూనె పోయలేదు. వివేకము వలన కాదు, దుకాణము మూసియుండుట వలన.

పని మూడు సాయంకాలములు పట్టినది. మొదట యాక్షను తీసి బల్ల మీద పెట్టినారు. రంధ్రము చుట్టు తీగెల మీద మందపు గుడ్డ పరచి, దానిమీద కాగితము అంటించి, ఇనుప పొడి లోపల పడకుండ కట్టినారు. అయస్కాంతమునకు కాగితము చుట్టి దగ్గర ఉంచుకొన్నారు. కాగితము విప్పగానే పొడి అంతయు దానితోనే వచ్చును. ఇది చిన్న యుక్తి గాని, తీగెల నడుమ పడిన ఇనుప రజను తీయుటకు ప్రయత్నించినవారికి దాని విలువ తెలియును. తరువాత ఈజీ ఔట్ ముక్క. దానిని సుత్తితో పగులగొట్టవచ్చు గదా అని నేను అడిగినాను. "చట్రం పగిలితే మీరు, నేను ఇద్దరం కలిసి మోయాలి అయ్యగారూ" అన్నారు. గ్యాసు మంటతో కాల్చుటకు కూడ ఒప్పుకొనలేదు. పోత ఇనుము ఒకచోట మాత్రమే వేడెక్కిన పగులవచ్చును. ప్రక్కనే తీగెలు, వెనుక కొయ్య.

మా సంఘములో దంతవైద్యులు ఒకరు ఉన్నారు. పంటి ఎనామెలును అరుగదీయు వజ్రపు బర్రులు వారివద్ద అరిగి పారవేయునవి ఉండును. ఆ బర్రులను చేతి గ్రైండరుకు బిగించి, రెండు సాయంకాలములు కొంచెము కొంచెముగ గీచి ఆ ఉక్కు ముక్కను పొడిచేసినారు. ఒక్కొక్క బర్రు కొన్ని నిమిషములే పనిచేసినది. దంతవైద్యులుగారు డబ్బాడు పంపినారు. నేను టార్చి పట్టుకొని కూర్చున్నాను. నాకు ఇచ్చిన పని అదొక్కటే, అది న్యాయమే.

మూడవనాడు అసలు బోల్టు ముక్క. టేకు చెక్కలో నిటారుగా ఒక రంధ్రము చేసి, ఆ చెక్కను చట్రము మీద అదిమి పట్టి, డ్రిల్లు బిట్టు ఆ రంధ్రము గుండా మాత్రమే పోవునట్లు ఏర్పాటు చేసినారు. ఇక అది జారి తీగె మీదికి పోలేదు. బిట్టు మీద లోతుకు గుర్తుగా ప్లాస్టరు ముక్క చుట్టినారు, వెనుక దిమ్మెలోనికి దిగకుండ. వాడిన బిట్టు మామూలుది కాదు, ఎడమ చుట్లది. డ్రిల్లును వెనుకకు త్రిప్పినప్పుడు మాత్రమే అది కోయును. మామూలు బిట్టు తిరుగుచు ముక్కను ఇంకను లోనికి బిగించును. ఎడమ బిట్టు కోయుచునే ముక్కను విప్పుటకు చూచును. దానికి ముందు సోల్డరింగు కడ్డీ మొనను ముక్క మీద కొన్ని నిమిషములు ఆనించి వేడిచేసి చల్లార్చినారు, రెండు మూడు సార్లు. ఇనుము ఉబ్బి ముడుచుకొనునప్పుడు తుప్పు పట్టు చిట్లును. సన్నని బిట్టుతో మొదలుపెట్టి, నెమ్మదిగా, రెండవ బిట్టుకు మార్చినారు. సగము లోతుకు పోకముందే బిట్టు పట్టుకొన్నది. ముక్క తానే తిరుగుచు వానపాము వలె బయటికి వచ్చినది. ఈజీ ఔట్ తిరిగి వాడవలసిన అవసరమే రాలేదు. నేను గట్టిగా స్తోత్రమన్నాను. మేస్త్రిగారు ముక్కను గుడ్డతో తుడిచి దాని చుట్లను లెక్కించుచున్నారు.

ఎందుకు లెక్కించినారో చెప్పెదను. బజారులో సరిపోవునట్లు కనబడు బోల్టు ఒకటి నేను ముందే కొనియుంచినాను. అది రెండు చుట్లు దిగి బిగుసుకొన్నది. నేనైతే ఇంకొంచెము తిప్పి ఉందును. ఇంగ్లాండులో 1841 లో జోసెఫ్ విట్‌వర్త్ అను ఇంజనీరు మర చుట్లకు ఒక ప్రమాణము ప్రతిపాదించినాడు. ఆ చుట్టు కోణము 55 డిగ్రీలు. నేడు మన దుకాణములలోని మెట్రిక్ బోల్టులది 60 డిగ్రీలు, చుట్ల ఎడము కూడ వేరు. కంటికి ఒకటిగా కనబడినను ఒకటి రెండవదానిలో ఇముడదు, బలవంతము చేసిన పాత చుట్లను కొరికివేయును. మేస్త్రిగారు పాత ముక్క చూచి తన లేతు మీద క్రొత్త బోల్టు తీసినారు. రంధ్రములోని చుట్లను శుభ్రముచేసి, బోల్టుకు కొవ్వొత్తి మైనము రాచి, చేతి వ్రేళ్లతోనే బిగించినారు.

చట్రము సంగతి ఇంత విపులముగ చెప్పినాను గాని, మన వాద్యములలో ఎక్కువగా విరుగునవి కొయ్యలోని మరమేకులే. పై మూతకు పొడవునా ఉండు ఇత్తడి బందు స్క్రూలు, పెడలు పట్టు స్క్రూలు, సుత్తులను పట్టు చిన్న స్క్రూలు. (మన వడ్రంగులు బీరువాలకు, పెట్టెలకు వేయు పొడవాటి బందును ఇప్పటికిని పియానో బందు అనియే అడిగి కొందురు. వారిలో చాలమంది పియానో చూచి ఉండరు.) ఓకు వంటి కొయ్యలో తోళ్లు పదును చేయుటకు వాడు పదార్థము సహజముగ ఉండును; తేమతో కలిసి అది ఇనుమును తినివేయును. తుప్పు ఇనుముకంటె ఎక్కువ చోటు ఆక్రమించును గనుక మరమేకు కొయ్యలో ఆప్పు దిగినట్లు బిగుసుకొనును.

కాబట్టి కదలని స్క్రూ ఎదురైనప్పుడు మొదట దాని తలలోని గాడిని సూదితో గీకి శుభ్రము చేయండి. గాడి నిండుగా పట్టు స్క్రూడ్రైవరు తీసికొనండి. మొన చిన్నదైతే తల చెడును. విప్పుటకు ముందు ఒక వెంట్రుకవాసి బిగించండి. వినుటకు విపరీతముగ ఉన్నను, తుప్పు పట్టు సడలుట అట్లే మొదలగును. అప్పటికిని రాకున్న సోల్డరింగు కడ్డీ తల మీద ఆనించి వేడిచేసి, చల్లారనిచ్చి మరల చూడండి. చేతికి నొప్పి కలుగునంత బలము పెట్టవలసి వచ్చినయెడల అక్కడనే ఆగిపొండి.

విరిగినదా, ముక్క పైకి ఉన్నయెడల పటకారుతో పట్టి త్రిప్పవచ్చును. కొయ్యలో మునిగియున్న ముక్కను తవ్వి తీయుటకు ఉలి వాడకండి. నేను చూచిన ఒక ఆర్గనులో ఒక్క స్క్రూ కొరకు అరచేయి వెడల్పు తవ్వినారు. ముక్కకంటె కొంచెము లావు రంధ్రము గల సన్నని ఉక్కు గొట్టము తెచ్చి, దాని అంచున ఆకురాయితో పళ్లు కోసి, బరమాకు బిగించి, ముక్క చుట్టు వెనుకకు త్రిప్పుచు నెమ్మదిగా దించండి. ముక్కతో కూడ చుట్టునున్న కొయ్య కడ్డీవలె ఊడి వచ్చును. మిగిలిన గుండ్రని రంధ్రములో గట్టి కొయ్య బిరడాను వడ్రంగి వజ్రముతో అతికి, ఒకనాడు ఆరనిచ్చి, సమముగ చెక్కి, నడుమ సన్నని దారి తొలిచి క్రొత్త స్క్రూ వేయండి. దారి తొలువకుండ బిగించుటవలననే సగము స్క్రూలు విరుగునని మా మేస్త్రిగారి మాట. ఇత్తడి స్క్రూ వేయదలచినచో ముందు అదే కొలత ఉక్కు స్క్రూను దించి తీసి, ఆ చుట్లలో ఇత్తడిదానిని వేయవలెను. ఇత్తడి మెత్తన, దానిచేత దారి చేయించరాదు. సబ్బు రాచు అలవాటు కొందరికి ఉన్నది. సబ్బు తేమను పీల్చును. కొవ్వొత్తి మైనమే మేలు. అది మన మందిరములలో కొదువలేదు.

హార్మోనియములవారు ఒక్క మాట వినండి. లోపలి స్వరపు రేకులను పట్టు స్క్రూలు బహు చిన్నవి. ఒకటి విరిగిన రేకు క్రిందినుండి గాలి పోయి ఆ స్వరము మూలుగును. అగ్గిపుల్ల దూర్చి స్క్రూ వేయుట ఆదివారము గడచుటకు పనికివచ్చును గాని అది మరమ్మతు కాదు. బిరడా వేయించండి.

మా పియానో ఇప్పుడు మూడు బోల్టుల మీద నిలిచియున్నది. కమిటీవారు కీబోర్డు కూడ కొన్నారు, యువజనులు దానిని వాయించుచున్నారు. రెండును ఒకే మందిరములో ఉన్నవి. బోల్టు బిగించిన తరువాత మొదటి ఆదివారము టీచరమ్మగారు ఆరాధన మొదలుకాకముందే వచ్చి కూర్చుండి, ఎడమచేతి క్రింది మెట్లను ఒకసారి బలముగ నొక్కి చూచినారు. నా వైపు తిరిగి, "నిలిచింది అయ్యగారూ" అన్నారు.

పనిముట్ల విషయము. ఎడమ చుట్ల బిట్టులు మూడు, పళ్లు కోసిన గొట్టములు రెండు, అయస్కాంతము, టేకు చెక్క, కొన్ని దంతవైద్యపు బర్రులు ఒక బిస్కెట్ల డబ్బాలో మా వెస్ట్రీ బీరువా క్రింది అరలో ఉన్నవి. నేను విరుగగొట్టిన ఈజీ ఔట్ మొదలు ముక్క కూడ అందులోనే ఉన్నది, అడిగినవారికి చూపెదను. కావలసిన సంఘములవారు ఎరవు తీసికొనవచ్చును. రిజిస్టరులో సంతకము చేసి, పని అయిన వారములోగా తిరిగి ఇవ్వవలెను.